కాదనలేని సత్యానందం, కనపడని సముద్రం

వరంగల్లో సత్యానందం అనే ఒక గుమాస్తా ఉండేవాడు, ఎవరేం అడిగినా కాదనలేని మహా మొహమాటస్తుడు. మొహమాటం అందరికీ కొద్దో గొప్పో ఉంటుంది. ఆయనకి మాత్రం నిలువెల్లా అదే. మంగలి "ఇంకాస్త తగ్గించమంటారా?" అని అడిగినప్పుడల్లా సరే, సరే అంటూ దాదాపు గుండుతో ఇంటికొచ్చేవాడు. దర్జీ చొక్కా బిగుతుగా కుడితే ఊపిరి బిగబట్టి మరీ బాగుందనేవాడు. ఒకసారి ఎవరో పరిచయస్తుడు స్కూటరు ఆపి ఎక్కమన్నాడు. ఆ స్కూటరు వెళ్ళేది ఊరికి ఆ చివరికి, సత్యానందం ఇల్లు ఈ చివర. అయినా ఎక్కి కూర్చున్నాడు. అక్కడ దిగి, నమస్కారం పెట్టి, ఆ పెద్దమనిషి కనుమరుగయ్యేదాకా ఆగి, ఆటో పట్టుకుని ఇంటికి చేరాడు. ఇదేం పనండీ అని భార్య హైమ నిలదీస్తే, పాపం అంత ప్రేమగా పిలిచాడు, ఎలా కాదనను అన్నాడు.

ఆయనకి ఉజ్వల అని ఒక్కగానొక్క కూతురు. మూడో తరగతి చదివేది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. వరంగల్లో చెరువులకేం కొదవ లేదు గానీ సముద్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? చెరువుకి అవతలి గట్టు కనిపిస్తుంది, సముద్రానికి అవతలి గట్టే కనిపించదని టీచరు చెబితే ఉజ్వల నమ్మలేదు. అన్ని నీళ్ళూ ఉప్పగా ఉంటాయంటే అసలే నమ్మలేదు. అంత ఉప్పు ఎవరు తెచ్చి పోశారని దాని అనుమానం. వెళ్ళి కళ్ళారా చూస్తే గానీ ఒప్పుకునేది లేదంది. వేసవి సెలవులకి తీసుకెళ్ళమని అడిగింది. అడిగాక సత్యానందం ఏమంటాడు? సరే అన్నాడు.

గోదావరి జిల్లాలో, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో, ఆయన మేనత్త వీరాయమ్మ ఉండేది. ముగ్గురూ అక్కడికి రైలెక్కారు. ఇసుకలో ఆడుకోవడానికి ఉజ్వల ఒక ఎర్ర బకెట్టు వెంట తెచ్చుకుంది. దారి పొడుగునా దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

ఊరు ఎండలో మిలమిల మెరుస్తోంది. ఎటు చూసినా కొబ్బరి చెట్లు, కాలు పెడితే చుర్రుమనే ఇసుక దారి. వీరాయమ్మ ఇంటి అరుగు మీద నిలబడితే సముద్రం హోరు చెవిలో ఊదినట్టు వినిపించేది. ఉజ్వల చెప్పులు కూడా విప్పకుండా, వెళ్దామా నాన్నా అంది. సరే పద అన్నాడు సత్యానందం. అంతలో వీరాయమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏరా సత్యం, రాక రాక వచ్చి, ఎంగిలి పడకుండా ఎండలోకి పోతావా? సముద్రం ఎక్కడికి పోద్దిరా? ముందు కూర్చో."

సరే అని కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్ళీ లేస్తే కదా! పెసరట్టు మీద ఉప్మా వేసింది, ఉప్మా మీద నెయ్యి వేసింది, ఇంకోటి వేయనా అని అడిగింది. సరే అన్నాడు. మరోటి అంది. సరే అన్నాడు. అవి అరిగీ అరగకముందే భోజనాల వేళయింది. రొయ్యల వేపుడు, మామిడికాయ పప్పు, గుమ్మడికాయ దప్పళం, పైన గడ్డపెరుగు. తిన్నాక సత్యానందం చేయి కడుక్కోవడానికి గోడ పట్టుకుని లేచాడు. కాసేపు నడుం వాలుస్తానని మంచం మీద ఒరిగాడు. కళ్ళు తెరిచేసరికి దీపాలు పెట్టేశారు. ఉజ్వల బకెట్టు పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"రేపు తప్పకుండా, తల్లీ" అన్నాడు సత్యానందం.

రేపు రానే వచ్చింది. దాంతోపాటు ఎదురింటి సూర్యచంద్రం కూడా వచ్చాడు. ఆయన సత్యానందం పెదనాన్న కొడుకు. అత్త చేతి వంట తిని, మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టవా తమ్ముడూ అని నిష్ఠూరంగా అడిగాడు. సత్యానందం కంగారు పడిపోయి, అదేంటన్నయ్యా, సరే, వస్తాం అన్నాడు. ఆ ఇంట్లో వదిన మంగ తక్కువ తిందా? అత్తయ్యగారు రొయ్యలు పెట్టారని తెలిసి తను పీతలు వండింది. మంగ పీతలు వండిందని తెలిసి, మర్నాడు వీరాయమ్మ కోనసీమ నుంచి చేపలు తెప్పించింది. వీరాయమ్మ చేపలు తెప్పించిందని మంగ మాంసం పులుసు పెట్టి, గారెలు వండి, పాలతాలికలు కాచింది. రెండు వంటిళ్ళ మధ్య వీధి మాత్రమే అడ్డం. ఈ ఇంటి పోపు వాసన ఆ ఇంటికి కబురు మోసేది. పోటీ ముదిరి పాకాన పడింది.

ఇద్దరి మధ్యా సత్యానందం అల్లాడిపోయాడు. ప్యాంటు పట్టక లుంగీలోకి దిగాడు. లుంగీ ముడి కూడా పూటపూటకీ వదులు చేసుకోవాల్సి వచ్చింది. మారు వడ్డించమంటారా అంటే సరే, పెరుగులో మామిడిపండు పిసుక్కుంటారా అంటే సరే. విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. చెయ్యి అయితే లేచింది గానీ, అడ్డం పెట్టేలోపు వడ్డించేవాళ్ళ మొహం చూసి, లేచిన చేత్తోనే ఇంకొంచెం పెట్టమని సైగ చేశాడు.

ఉజ్వల మాత్రం రోజూ పొద్దున్నే తల దువ్వించుకుని, బకెట్టు పట్టుకుని తయారయ్యేది. ఆ బకెట్టుని కూడా చుట్టాలు ఖాళీగా ఉండనివ్వలేదు. ఒకరు అందులో సున్నుండలు పోశారు. ఇంకొకరు జంతికలు పోశారు. మనం సముద్రం చూడ్డానికి వచ్చామా, విందు భోజనాలకి వచ్చామా అని హైమ చాటుగా పళ్ళు నూరింది. సత్యానందం ఆమెతో కూడా సరే, రేపు పొద్దున్నే వెళ్దాం అన్నాడు. రేపు పొద్దున్న ఎవరో ఒకరు ఏదో ఒక ఇంటికి పిలిచేవారు. నిజానికి సముద్రానికి వెళ్ళి రావడమంటే ఒక పూట పని. ఆ పూట దొరక్కుండానే సెలవులు అయిపోవచ్చాయి.

ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నమే రైలు, స్టేషను చూస్తే దూరం. ఇవాళ ఆరునూరైనా పొద్దున్నే సముద్రానికి వెళ్దామని ముందురోజే ఉజ్వలకి మాటిచ్చాడు. ఆటో కూడా మాట్లాడాడు. తెల్లారగానే సూర్యచంద్రం వచ్చి, తమ్ముడూ, మీకోసం పండుగప్ప దొరికింది, ఇంత చేప ఈ మధ్య ఈ ఊళ్ళోకి రాలేదు, పెందరాళే భోజనానికి వచ్చెయ్యండి అన్నాడు. సత్యానందం సరే అన్నాడు. అన్నయ్య అటు వెళ్ళాడో లేదో, వీరాయమ్మ పెరట్లోంచి కేకేసింది. నాటుకోడి పొయ్యి మీద ఉడుకుతోంది, వెళ్ళేవాళ్ళు మా ఇంట్లో తినే వెళ్ళాలి అంది. దానికీ సరే అన్నాడు. ఆ తర్వాత గానీ గుండెల్లో రాయి పడలేదు. రెండిళ్ళలోనూ ఒకే వేళకి భోజనం, మధ్యలో సముద్రం, మధ్యాహ్నం రైలు. ఇక్కడ సగం తిని, అక్కడ సగం తిని, ఆటోవాణ్ణి వెళ్ళిపొమ్మంటే సరిపోతుందని ఒక లెక్క వేసుకున్నాడు. లెక్కలో ముందు ఎగిరిపోయింది కూతురే అని ఆయనకి తోచలేదు.

ఇక ఉజ్వలకి ఏదో ఒకటి చెప్పాలి కదా అని తటపటాయిస్తూ, బాగా పొద్దెక్కాక అరుగు మీదికి వచ్చాడు. అప్పటికే అక్కడ మంగ ఉంది. కొబ్బరికోరు కోసం వచ్చి వీరాయమ్మతో మాట్లాడుతోంది. సూర్యచంద్రం ఆటోవాడితో కబుర్లలో ఉన్నాడు. వీరాయమ్మ యథాలాపంగా ఉజ్వల వైపు తిరిగి, "ఏమే, సముద్రం బాగుందా? ఏ పూట వెళ్ళారు?" అని అడిగింది.

ఆవిడకి తెలియదు మరి. ఆవిడ వంటింట్లోంచి బయటికి వస్తే కదా, ఎవరు ఎక్కడికి వెళ్ళారో తెలిసేది.

ఉజ్వల తండ్రి వైపు ఒక్కసారి చూసింది. మెడ కొంచెం పక్కకి వంచి, పెదాలు సాగదీసి నవ్వింది.

"వెళ్ళలేదు మామ్మా. ఫర్లేదు. నాకేం అంత చూడాలని లేదు" అంది.

ఆ నవ్వు చూసి సత్యానందం కొయ్యబారిపోయాడు. అది తన నవ్వు. మెడ వంచడం తనదే, పెదాలు సాగదీయడం తనదే, ఆ ఫర్లేదు అనే మాట కూడా తనదే. లేని సంతోషాన్ని మొహాన పులుముకోవడం పిల్లకి ఎవరు నేర్పారు? తనే. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని, విస్తరి ముందు పాఠంలా నేర్పాడు. ఆయనకి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఏడుపూ వచ్చింది. కూతురు పంతం పట్టి అడిగినంత కాలం తప్పించుకున్నాడు గానీ, అది అడగడం మానేసిన ఈ క్షణంలో తట్టుకోలేకపోయాడు.

వద్దు అనే మాట ఆయన గొంతులోంచి ఎన్నడూ బయటికి వచ్చి ఎరగదు. ఇప్పుడు కూడా నోరు పెగల్లేదు. ఒకసారి దగ్గాడు. చివరికి వచ్చిన మాట కాస్తా, వీధి చివర దాకా వినపడేంత గట్టిగా వచ్చింది.

"అత్తా, మేం భోజనానికి ఉండం. వదినా, మీ ఇంటికీ రాం. ఇప్పుడే మా పిల్లని సముద్రానికి తీసుకెళ్ళాలి."

సూర్యచంద్రం నోరు తెరుచుకుని ఉండిపోయాడు. హైమ అయితే ఈ మాట అన్నది తన మొగుడేనా అని ఆయన్ని ఎగాదిగా చూసింది. సత్యానందం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇక జన్మలో ఈ చుట్టాలు తన మొహం చూడరని ఖాయం చేసుకున్నాడు.

వీరాయమ్మ మెల్లిగా ముక్కాలి పీట లాక్కుని దాని మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"హమ్మయ్య. ఈ ముక్క వచ్చిన రోజే అనుండొచ్చు కదరా, అబ్బాయ్. పొయ్యి ముందు నిలబడి నిలబడి నా మోకాళ్ళు చచ్చిపోయాయి. పెట్టిందల్లా తింటున్నావు, ఇంకోటి అంటే సరే అంటున్నావు, పాపం అక్కడ వరంగల్లో పిల్లాడికి తిండి దొరకడం లేదేమో అని వండి పోస్తున్నాను."

మంగకి కూడా ధైర్యం వచ్చింది. తను మాత్రం ఎందుకు వండిందట? ఎదురింట్లో అత్తయ్యగారు అన్ని రకాలు పెడుతుంటే, తను చేయకపోతే మరిది ఏమనుకుంటాడో అని. వీరాయమ్మ ఎందుకు ఆపలేదట? మంగ ఆపితే గదా తను ఆపడానికి. ఒకరి మొహమాటానికి ఒకరు ఇన్నాళ్ళూ పొయ్యిల్లో కట్టెలు ఎగదోశారు. తినేవాడికి వద్దనే నోరు లేదు, వండేవాళ్ళకి చాలనే నోరు లేదు. ఆ సంగతి తెలిసేసరికి అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు.

ఆ నవ్వు తగ్గాక వీరాయమ్మ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సముద్రం పక్కనే కాపురం ఉంటూ దాని మొహం చూసి ఎన్నేళ్ళయిందో, నేనూ వస్తాను పదండి అంది. అంతే, పొయ్యిలు ఆర్పేశారు. వండిన కోడినీ, పండుగప్పనీ క్యారేజీల్లో సర్ది, రైల్లో తిందురుగాని అన్నారు. దానికి మాత్రం సత్యానందం వద్దనలేదు. అందరూ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నారు.

సముద్రం కనపడగానే ఉజ్వల ఆటో ఆగకముందే దిగబోయింది. ఇసుకలో పరుగెత్తి, నీళ్ళ అంచున టక్కున ఆగింది. అవతలి గట్టు కోసం ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికింది. గట్టు లేదు. వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలిక మీద పెట్టుకుంది. మొహం వికారంగా పెట్టి ఉమ్మేసింది. నిజంగానే ఉప్పు నాన్నా అని అరిచి, అల మీద అల వచ్చి కాళ్ళు తడుపుతుంటే గంతులు వేసింది. అది పెదాలు సాగదీసిన నవ్వు కాదు, పళ్ళన్నీ కనిపించే నవ్వు. వీరాయమ్మ మోకాళ్ళ నొప్పి మాటే మర్చిపోయి మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. మంగ, హైమ చేతులు పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా వెనక్కి పరుగెత్తారు. సత్యానందానికి ప్రాణం లేచొచ్చింది. కాదంటే లోకం కూలిపోదని ఆయనకి ఆ రోజే తెలిసింది.

ఉజ్వల తడి ఇసుకలో కాలు దూర్చి, పైన ఇసుక మెత్తి, పిచ్చిక గూడు కట్టడం మొదలుపెట్టింది. సగం కట్టిందో లేదో, సూర్యచంద్రం గడియారం చూసుకున్నాడు. ఇంక బయల్దేరకపోతే రైలు అందదు తమ్ముడూ అన్నాడు.

"నాన్నా, ఇంకొంచెం సేపు. ఈ ఒక్క గూడు కట్టేసుకుంటాను" అని ఉజ్వల బతిమాలింది.

సరే అనే మాట సత్యానందం నాలిక చివరి దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ మాట మనస్ఫూర్తిగా అనాలనిపించింది. కానీ చేతిలో ఉన్న రోజులన్నీ ఎవరెవరి విస్తళ్ళ ముందో కూర్చుని తినేశాడు. పిల్లకి ఇవ్వడానికి ఆయన దగ్గర ఒక్క గూటికి సరిపడా పొద్దు కూడా మిగల్లేదు.

"లేదమ్మా. ఇంక వేళ లేదు" అన్నాడు.

ఉజ్వల మారాం చేయలేదు. గూట్లోంచి కాలు తీసి, తండ్రి చెయ్యి పట్టుకుని, వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచింది. సత్యానందం మాత్రం వెనక్కి తిరిగి చూడలేకపోయాడు.

కాదనవలసిన చోట కాదనలేనివాడికి, అవుననవలసిన చోట కాదనక తప్పదు.