గేటు బయట చప్పట్లు

కృపానందం ఆ రోజు కూడా జుల్మీరా ఇంటి గేటు దాకా వెళ్ళి, లోపలికి పోకుండానే మఠానికి తిరిగొచ్చాడు.

వినుకొండ పక్క పల్లెలో పుట్టి, చర్చి ఫాదరై, బ్రెజిల్‌లో ఎండకు మాడిపోయే ఓ చిన్న ఊరికి వచ్చినవాడు అతను. పోర్చుగీసు నేర్చుకోవడంలో ఏ లోటూ చెయ్యలేదు. పూజ చదివితే ఒక్క అక్షరం పొల్లుపోదు. ప్రసంగం చేస్తే ముసలివాళ్ళు తలలూపుతారు. కానీ గుడి దాటి బయటికొస్తే ఒక్క ఇల్లూ అతనిది కాలేదు. పొద్దుటినుంచి పరాయి భాషలో బతికి బతికి సాయంత్రానికి దవడలు నొప్పెట్టేవి. మనసు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆ ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ చిన్న గేటు, కాస్త వాకిలి ఉంటాయి. వచ్చినవాడు గేటు బయటే ఆగి చప్పట్లు కొడతాడు. లోపలివాళ్ళు రమ్మంటే వెళతాడు. కృపానందం మాత్రం గేటు ముందు నిలబడి, మన ఊరి పెద్దమనిషిలా చిన్నగా దగ్గేవాడు. మన దగ్గరైతే ఆ దగ్గుకి ఇల్లంతా సర్దుకుని కూర్చుంటుంది. అక్కడ ఎవరైనా విన్నా, పాపం ఎవరి గొంతులోనో దుమ్ము పడిందనుకుంటారు.

జుల్మీరా మంచం పట్టిన ముసలమ్మ. ఎక్కువ రోజులు ఉండదని డాక్టరు చెప్పేశాడు. పోయేలోపు సత్ప్రసాదం, అంటే పూజలో ఫాదరు ఇచ్చే అప్పం, నోట్లో వేసుకోవాలన్నది ఆమె కోరిక. కూతురు పెరట్లో బట్టలుతుకుతూ ఉంటుంది, దగ్గు వినపడదు. కృపానందం పట్టుకెళ్ళిన ప్రసాదాన్ని మళ్ళీ అలాగే వెనక్కి తెచ్చాడు.

మఠం వరండాలో ముసలి ఫాదరు అన్సెల్మో కూర్చుని ఉన్నాడు. కృపానందానికి భాష నేర్పిన గురువు ఆయనే. మోకాళ్ళు పోయాక ఊళ్ళోకి వెళ్ళడం మానేశాడు.

"చప్పట్లు కొట్టావా?"

"లేదు."

"చెప్పాను కదా."

"చెప్పారు. చేతులు రావడం లేదు." కృపానందం వరండా మెట్టు మీద కూలబడ్డాడు. "మా తాత దొర వాకిలి బయట ఎండలో నిలబడి ఉండేవాడు. ఆ దొరకి తాత పేరు తెలుసు. అయినా పేరు పెట్టి పిలిచేవాడు కాదు, అరుగు మీద కూర్చుని చప్పట్లు కొట్టేవాడు. తాత పరిగెత్తేవాడు. మనిషిని చప్పట్లు కొట్టి పిలవకూడదని మా నాన్న మాకు చిన్నప్పుడే నేర్పాడు. మీరు భాష నేర్చుకోమన్నారు, నేర్చుకున్నాను. ఇది మాత్రం నా వల్ల కాదు. అలిసిపోయాను గురువుగారూ. నన్ను వెనక్కి పంపించెయ్యండి."

అన్సెల్మో అతని చెప్పుల మీది దుమ్ము చూశాడు. "వెళ్ళి కాసేపు పడుకో," అన్నాడు.

కృపానందం గదికి పోయి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయాడు. తలుపు బార్లా తీసి, పరదా వేసి ఉంది. కునుకు పట్టేలోపు బయట చప్పట్లు వినిపించాయి. వీధి గేటు దగ్గర ఎవరో వచ్చారనుకుని అటు తిరిగి పడుకున్నాడు. కాసేపాగి మళ్ళీ చప్పట్లు. ఈ ఊళ్ళో మనిషిని పడుకోనివ్వరు కూడా అని విసుక్కున్నాడు. మళ్ళీ వినిపించాయి, ఈసారి ఇంకా నీరసంగా. లేచి పరదా తొలగించాడు.

గుమ్మం బయట ఎండలో అన్సెల్మో నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కర్ర లేనిదే అడుగు వెయ్యలేని మనిషి. చప్పట్లకి రెండు చేతులూ కావాలి గనక కర్రను గోడకు ఆనించేశాడు. కాళ్ళు వణుకుతున్నాయి.

కృపానందం పరదా పూర్తిగా పక్కకి లాగాడు. "ఇదేమిటి గురువుగారూ. తలుపు తీసే ఉంది కదా, నేరుగా లోపలికి రావచ్చుగా?"

"గది నీది అబ్బాయ్. నువ్వు రమ్మనాలి."

ముసలాయన అలాగే నిలబడి ఉన్నాడు.

"రండి," అన్నాడు కృపానందం, చెయ్యి అందిస్తూ.

అన్సెల్మో లోపలికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. జుల్మీరా మాట ఎత్తలేదు, వెనక్కి పంపే మాటా ఎత్తలేదు.

ఎండ తగ్గకముందే కృపానందం మళ్ళీ బయల్దేరాడు. ప్రసాదం ఉన్న చిన్న సంచి మెడలో వేసుకుని, ఆ గేటు ముందు చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. తర్వాత చప్పట్లు కొట్టాడు. మొదటి చప్పుడు అతనికే సరిగ్గా వినపడలేదు. మళ్ళీ కొట్టాడు. ఎండలో, వాకిలి బయట, లోపలికి రమ్మంటారేమోనని చూస్తూ నిలబడ్డ తాత గుర్తొచ్చాడు.

పెరట్లో ఉతుకుతున్న చప్పుడు ఆగింది.

"ఎవరూ?" లోపల్నుంచి ముసలి గొంతు.

"నేనమ్మా, కృపానందాన్ని. రావచ్చా?"

"రా నాయనా," అంది జుల్మీరా. "లోపలికి రా."

ఆ మాట వినేదాకా అతను గేటు మీద చెయ్యి వెయ్యలేదు.