దొరికినవాళ్ళ పేర్లు

వాన పడితే ఎవరైనా సంతోషిస్తారు. తిక్కస్వామికి మాత్రం ప్రాణం మీదికొచ్చింది.

వాళ్ళ ఊరి చుట్టూ ఉన్న ఎర్రనేలల్లో తొలకరి పడి మట్టి కడుక్కుపోయాక, ఎప్పుడో ఒకసారి, ఎక్కడో ఒకచోట, గులకరాళ్ళ మధ్య వజ్రం కనపడుతుంది. అది చాలు. ఎక్కడెక్కడి జనమో సద్దిమూటలు కట్టుకుని వచ్చి పొలాల్లో నడుములు వంచుతారు.

తిక్కస్వామి దర్జీ. చెయ్యి మంచిది. మూడేళ్ళ కిందట అంగట్లో మూడు కుట్టుమిషన్లు ఉండేవి. వాన పడగానే అంగడి మూసి పొలాల మీద పడడం మొదలుపెట్టాక రెండు మిషన్లు పోయాయి. మిగిలిన ఒక్కదాని మీద భార్య హుసేనమ్మ రవికెలు కుట్టి ఇల్లు నడుపుతోంది. ఇప్పుడు దాన్ని కూడా అమ్మి, ఒక పొలాన్ని ఈ వానాకాలానికి గుత్తకు తీసుకుని, కంచె వేసుకుని ఒక్కడే వెతకాలని తిక్కస్వామి ఆలోచన. మిషను కొనేవాడు సాయంత్రం వస్తానన్నాడు.

హుసేనమ్మకు ఆ సంగతి తెలుసు. తెల్లారినప్పటి నుంచి మిషను ముందు కూర్చుని లేవకుండా కుడుతూనే ఉంది. ఆ చప్పుడు వినలేక తిక్కస్వామి చక్కెర పొట్లం పట్టుకుని దస్తగిరి తాత దగ్గరికి వచ్చేశాడు.

తాత ఆ పొలాల అంచున, దర్గా పక్క గుడిసెలో ఉండే ఫకీరు. తిక్కస్వామి పన్నెండేళ్ళుగా ఆయన శిష్యుడు. తాత మాట ఎన్నడూ జవదాటలేదు. జవదాటవలసి వస్తుందనుకున్న సంగతి ఎన్నడూ అడగలేదు కూడా.

"నా పేరున దర్గాలో చక్కెర చదివించు తాతా. ఈసారి దొరకాల."

"దొరుకుతాదని ఎట్ల తెలుసు?"

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు తిక్కస్వామి అందుకున్నాడు. "నిరుడు నేను వెతికి వదిలేసిన చోటికి నాలుగడుగుల్లో పెద్దక్క అనే ఆమెకు దొరికింది. కూలికి పోయే ఆడమనిషి. ముందటేడు ఉరుకుందప్ప బండి తోలుకుంటా పోతాంటే చక్రం కింద మెరిసింది. అంతకుముందు పొట్టేళ్ళ మారెప్ప. మందను తోలుకుంటా చూసినాడు, మిద్దె కట్టినాడు. వాళ్ళకు దొరికింది నాకేల దొరకదు? ఇంకోటి తాతా, ఇన్నాళ్ళు వెతికి ఇప్పుడు వదిలేస్తే, అమ్మిన రెండు మిషన్లూ ఊరికే పోయినట్టు కదా."

"పేర్లు బాగా గుర్తు పెట్టుకున్నావే," అన్నాడు తాత.

"మరుద్దామన్నా మరుపుకొచ్చేవా తాతా అవి."

తాత పొట్లం విప్పి, చక్కెరంతా నీళ్ళకడవలో పోసి చేత్తో కలిపాడు. నోటి నుంచి ఒక్క మంత్రం రాలేదు. 

"ఎత్తుకో. పొలంలో వాళ్ళకు దప్పికైతాంటాది. ఊరికే పోయొద్దు. ఒక్కొక్కరినీ పేరడిగి పోయాల."

తిక్కస్వామి కడవా చెంబూ ఎత్తుకున్నాడు, తాత వెంట నడిచాడు. పొలం నిండా వంగిన వీపులే. మొదట ఒక ముసలమ్మ. పేరు అడిగితే, "పేరెందుకు నాయనా, నీళ్ళు పోస్తే చాలు," అంది. తిక్కస్వామి ఆగితే, చాన్నాళ్ళకు గుర్తొచ్చినట్టు, "చిట్టెమ్మ" అని దోసిలి పట్టింది.

తర్వాత నీలం తువ్వాలు చుట్టుకున్నాయన. తిక్కస్వామిని చూసి నవ్వాడు. "మూడేండ్లుగా ఒకే గట్టు మీద సద్ది తింటాండాం. నిరుడు నా చెప్పు తెగితే నువ్వే కుట్టిస్తివి. పేరు ఇప్పుడడిగితివా? సుంకన్న." చెంబు తిరిగిస్తూ, "నీ పేరేందప్పా?" అన్నాడు.

తిక్కస్వామి చెప్పాడు. అప్పటికే సుంకన్న కిందికి వంగిపోయాడు. విన్నాడో లేదో తెలియదు.

అలా పోస్తూ పోస్తూ పోయారు. బిడ్డను గుడ్డతో వీపుకు కట్టుకున్న తల్లి, పని మానేసి వచ్చిన మేస్త్రీ, పింఛను డబ్బుతో బస్సెక్కి వచ్చిన ముసలాయన. ఎవరి పేరూ తిక్కస్వామికి అంతకుముందు తెలియదు. ఎవరికీ ఏమీ దొరకలేదు.

పొలం చివర ముళ్ళకంచె వేసిన మడి ఉంది. లోపల ఒక్కడే మనిషి, మోకాళ్ళ మీద పాకుతూ చేతులతో మట్టి తడుముతున్నాడు. చూపు సరిగా ఆనుతున్నట్టు లేదు. తిక్కస్వామి కంచె మీదుగా చెంబు అందించి పేరడిగాడు.

"మారెప్ప."

"ఏ మారెప్ప?"

"పొట్టేళ్ళ మారెప్ప అంటాండ్రి. ఇప్పుడు పొట్టేళ్ళు లేవులే."

"నీకు దొరికింది కదా. మిద్దె కట్టినావు కదా."

"కట్టినా. అమ్మినా." మారెప్ప నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు. "ఒకసారి కనపడిన కండ్లకు మళ్ళా కనపడదా అనుకున్యా. పొట్టేళ్ళనమ్మి ఈ మడి గుత్తకు పట్టినా. నీళ్ళు తియ్యగుండాయే. ఏమన్నా మొక్కుబడా?"

తిక్కస్వామి చెంబు అందుకున్నాడు. కంచె ఇవతల నిలబడి, కంచె లోపలి మనిషిలో తననే చూసుకున్నాడు. ఇంత భయం అతనికి జన్మలో ఎన్నడూ కలగలేదు.

కడవ ఖాళీ అయింది. ఇద్దరూ వెనక్కి నడిచారు. సగం దూరం వచ్చాక తిక్కస్వామి నోరు విప్పాడు.

"మిషను అమ్మను తాతా. వచ్చినోన్ని వచ్చినట్టే పంపిస్తా."

తాత తల ఊపాడు. తిక్కస్వామి ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అందులో అనుమానం లేదు.

గట్టు దిగుతుండగా మబ్బు తొలగి ఎండ పడింది. కాలి పక్కన ఏదో తళుక్కుమంది.

ఎప్పుడు వంగాడో అతనికే తెలియదు. కడవ ఎప్పుడు దించాడో తెలియదు. బురదలో మోకాళ్ళ మీద ఉన్నాడు, బొటనవేలితో మట్టి తుడుస్తున్నాడు. పగిలిన గాజుముక్క. గాజు అని తెలిశాక కూడా రెండోవైపు తిప్పి చూశాడు.

అప్పుడు గుర్తొచ్చింది తాత పక్కనే ఉన్నాడని. తిక్కస్వామి సిగ్గుతో చితికిపోయి, ఆ బురదలోనే కూలబడి ఏడ్చాడు.

"ఇప్పుడే కదా తాతా కండ్లారా చూసినా. అయినా వంగినా. ఈ ఆశ ఎప్పుడు పోతాది నాకు?"

 తాత చూపు శిష్యుడి మీద లేదు. గాజుముక్క దొరికిన చోటికి రెండడుగుల అవతల, తడినేల మీద ఉంది.

"నాది పోయినాక చెప్తా, పద," అన్నాడు.