బాసలయ్యకు నాలుక చూపించిన సుంకులక్క

గవ్వలదిన్నె దాటి కొండదారి పట్టిన భక్తులకు మొదటి మలుపులోనే ఒక సందేహం కలుగుతుంది. దర్శనం చేసుకుని దిగివస్తున్న వారిని "ఇంకా ఎంత దూరమండీ?" అని అడుగుతారు. వారు నవ్వుతూ "ఇంకాస్తే!" అంటారు. రెండో మలుపులోనూ అదే జవాబు. కోన కనిపించేదాకా అదే జవాబు. ఈ చిన్న పుస్తకం కూర్చినవాడు మొదటిసారి వచ్చినప్పుడు ఆ మాటను అక్షరాలా నమ్మాడు. దగ్గరే కదా అని మంచినీళ్ల సీసా కూడా కిందే వదిలేసి, సగం దారిలో చతికిలపడ్డాడు. అప్పుడు ఒక ముసలమ్మ ఒక చేత్తో తన కర్రనూ ఇంకో చేత్తో ఇతణ్ణీ పట్టుకుని పైకి చేర్చింది. మిగతా భక్తులు అతనిలా మోసపోకూడదని, ఒకవేళ మోసపోయినా ఎందుకో తెలిసి సంతోషంగా మోసపోవాలని, ఇంకాస్తకోన శ్రీ బాసలయ్య స్వామివారి మహిమను ఇక్కడ విన్నవించడమైనది.

స్వామివారిది నడుమెత్తు శిల. అది నిటారుగా ఉండదు. కొండకు భుజం ఆనించి నెడుతున్న మనిషిలా వాలి ఉంటుంది. ఎడమ భుజం నూనెతో నల్లగా మెరుస్తుంది. ఇక్కడ భక్తులు ముందు దండం పెట్టరు, నాలుక చాపి స్వామికి చూపిస్తారు. పూజారి తీర్థం చేతిలో పోయడు, ఆ నాలుక మీదే పోస్తాడు. పిల్లలకు ఈ క్షేత్రమంటే మహా ఇష్టం. ఇంటి దగ్గర చేస్తే వీపు చిట్లిపోయే పనికి ఇక్కడ తీర్థం దొరుకుతుంది మరి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మెట్లు లేవు, నీళ్లు అసలే లేవు. ఇలాంటి కథల్లో పశువుల కాపరి ఒకడు ఉండాలి. ఉన్నాడు, కానీ స్వామి వెలసిన వేళ అతను గాఢనిద్రలో ఉన్నాడు. మెలకువ వచ్చేసరికి తల కింద పెట్టుకున్న రాయి లేచి నిలబడి ఉంది. సాయంత్రం యజమాని వచ్చి "పడుకున్నావేమిరా?" అని అడిగితే అలవాటు కొద్దీ "లేదయ్యా" అన్నాడు. ఆ మాటతోనే నాలుక పడిపోయింది. అవును, పడుకున్నానని తల ఊపాక గానీ మళ్లీ లేవలేదు. నాటి నుంచి ఆ కొండ మీద అబద్ధమాడే సాహసం ఎవరూ చేయలేదు. గట్టు తగాదాలూ పాలివాళ్ల తగాదాలూ తెగనివాళ్లు వచ్చి ఆ శిల మీద చేయి వేసి బాస చేసేవారు. స్వామికి బాసలయ్య అన్న పేరు అలా వచ్చింది.

కొండ దిగువన సుంకులక్క మజ్జిగ అమ్మేది. బాస చేసే ముందు ఎవరికైనా గొంతు ఎండుతుంది. బొంకదలచిన వాడికి మరీ ఎండుతుంది. రెండో ముంత అడిగినవాణ్ణి చూస్తే తగాదా ఎటు తేలుతుందో సుంకులక్కకు ముందే తెలిసిపోయేది. ఆమెకు పొలం లేదు, పుట్ర లేదు. నోరు మాత్రం ఉంది. వచ్చిన ప్రతివాణ్ణీ పలకరించి, వాడు మజ్జిగ తాగేలోగా వాడి ఇంటి కష్టమంతా విని, నవ్వించి పంపేది. ఆ నోరే ఆమె ఆస్తి.

సుంకులక్కకు కన్నవారెవరో తెలియదు. ఒక కరువు ఏడాది దారి పక్కన దొరికిన బిడ్డ. గవ్వలదిన్నె వాళ్లు ఇంటికొక పూట చొప్పున అన్నం పెట్టి పెంచారు. ఒక ఇంట్లో తలంటి పోస్తే ఇంకో ఇంట్లో జడ వేసేవారు. అందుకని ఊళ్లో ప్రతి ఇల్లూ ఆమెకు పుట్టిల్లే.

అలాంటి ఊరికి మళ్లీ కరువు వచ్చింది. బావులు అడుగంటాయి, పశువులు వట్టిపోయాయి, మజ్జిగ మాట అలా ఉంచి గంజి కూడా కరువైంది. ఊరి పెద్దలు కూర్చుని, తలా ఒక దిక్కు చుట్టాలను వెతుక్కుని పోవడమే మేలని తేల్చారు. బండ్లు కట్టడం మొదలైంది.

"సుంకులూ, మా యెంబడి వచ్చెయ్ మే. ఉండేదాంట్లోనే ఇంత తిందాం" అంది ఒక ఇల్లాలు.

"అదెట్లా? దానికి పసితనంలో చెవిపోటు మాన్పింది నేను. మా బండే ఎక్కాల" అంది ఇంకొకామె.

"పోనీండి, లేకుంటే బిడ్డ మీ ఇద్దరి మధ్యా చీరిపోతుంది. మా బండి ఖాళీగా ఉంది" అంది మూడో ఆమె.

సుంకులక్క అందరికీ నవ్వుతూ తల ఊపింది. కానీ ఏ బండి దగ్గరికీ పోలేదు. ఒక బండి ఎక్కితే, మిగతా ఊరంతటినీ "మీరు నావాళ్లు కారు" అన్నట్టే. ఊరు చెదిరిపోకూడదు. చెదిరితే తాను మళ్లీ దారి పక్కన బిడ్డే.

కొండకు అవతలి వైపు కోనలో ఎన్నడూ ఎండని ఊట ఉందని అందరికీ తెలుసు. ఆ నీళ్లు అటు అడవిలోకి జారి ఇంకిపోయేవి. మధ్యన రాతిగట్టు అడ్డం. అది కోస్తే నీళ్లు ఇటు దిగుతాయి. అదీ అందరికీ తెలుసు, కోయలేమన్నదీ తెలుసు. మరునాడు పొద్దున్నే సుంకులక్క ఎవరి గోడ పక్కనో ఉన్న గడ్డపార తీసుకుని గట్టు ఎక్కి తవ్వడం మొదలుపెట్టింది.

బండికి ఎద్దులు కడుతున్న వడ్డె మారెప్ప ఆ చప్పుడు విని పైకి వచ్చాడు. రాళ్లు కొట్టడంలో ఆ చుట్టుపక్కల అతనికి సాటి లేరు. కాసేపు చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమ్మే, అది గడ్డపారనా, కవ్వమా? చిలుకుతాండావే!"

"చిలికితే వెన్న రాకపోతుందా అన్నా!"

"నీ మొహం వస్తుంది. ఇట్ల తే. చూస్తాంటే నా చేతులు నొప్పి పుడతాండాయి."

ఒక్క దెబ్బ ఎలా వేయాలో చూపించడానికి వేశాడు. ఆమెకు అర్థం కాలేదేమోనని ఇంకొకటి వేశాడు. పొద్దు వాలేసరికి మూరెడు లోతు దిగింది. "నేను కొట్టిన రాయి. నువ్వు చెడగొట్టేస్తావు. రేపు నేనే వస్తా" అని ఎద్దులను విప్పేశాడు. అది చూసి అతని తమ్ములు వచ్చారు. వాళ్ల ఆడవాళ్లు మట్టితట్టలు పట్టారు. మెల్లగా ఒక్కొక్క బండి కాడి దిగింది.

ప్రయాణానికని దాచుకున్న గింజలతో వండిన సంకటి, ఊరిబిండి పచ్చడి మోసుకొచ్చే పని సుంకులక్కకు పడింది. దానికి తోడు తెల్లవారగానే ముళ్లకంపల్లోని చుట్టుదారిన అవతలి కోనకు పోయి, తవ్వేవాళ్లకు తాగునీళ్లు తెచ్చేది. ఆ దారిన పోయేవాళ్లు ఇద్దరే: ఆమె, స్వామి అభిషేకానికి నీళ్లు తెచ్చే పూజారి ఈరప్ప తాత. గట్టుకు రెండు వైపులా చూసినవాళ్లూ ఆ ఇద్దరే.

ఒక మధ్యాహ్నం మారెప్ప గడ్డపార కింద పడేసి, అరచేతుల బొబ్బలు చూసుకుంటూ అడిగాడు. "సుంకులూ, ఆ పక్క చూసి వచ్చినావు కదా. ఇంకా ఎంత ఉంది?"

చాలా ఉంది. చెబితే ఇక్కడే ఆగిపోయేంత ఉంది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. కింద బాసలయ్య శిల కనిపిస్తూనే ఉంది.

"ఇంకాస్తే అన్నా" అంది సుంకులక్క.

ఆ కొండ మీద అబద్ధం ఉండదు గనుక అందరూ నమ్మారు. మారెప్ప లేచాడు. సుంకులక్క మాత్రం పక్కకు పోయి, సంకటి తెచ్చిన ఇత్తడి తట్టలో నాలుక చాపి చూసుకుంది. ఉంది. మరునాడు మళ్లీ అడిగారు, మళ్లీ "ఇంకాస్తే" అంది. ఆ తర్వాత రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. పొద్దున నిద్ర లేవగానే ఆమె మొదటి పని పక్కింటి కోడిపుంజును తిట్టడం. మాట పెగిలితే, హమ్మయ్య, ఇవాళ్టికి ఉంది అనుకునేది. ఏ పాపమూ ఎరగని ఆ పుంజుకు కారణం తెలియలేదు.

ఈరప్ప తాతకు మాత్రం అంతా తెలుసు. ఒకనాడు చుట్టుదారిలో ఆమెను నిలేశాడు.

"ఏమ్మే, అది ఇంకాస్తా? నాకు కండ్లు లేవనుకున్నావా? సామి ఊరుకుంటాడా?"

"వాళ్లకు చెప్పాకు తాతా."

"నేను చెప్పను. అడిగితే మాత్రం నిజమే చెప్తా. నా వయసులో నాలుక పోతే మంత్రాలు ఎవరు చదవాల?"

ఆ మరునాటి నుంచి తాత మోకాళ్ల నొప్పులని గట్టు ఎక్కడం మానేశాడు. తాను పైకి పోకపోతే తనను ఎవరూ అడగరు. ఆ మోకాళ్లకు అంతకు ముందూ ఆ తర్వాతా నొప్పి వచ్చిన దాఖలా లేదు. అయినా ఆ నొప్పుల మాట ఆయన కొండ దిగాకే చెప్పేవాడట!

చివరికి నల్లబండ తగిలింది. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు వచ్చాయి తప్ప పెళ్ల రాలేదు. అందరూ కూలబడ్డారు. ఒకరిద్దరు మళ్లీ బండ్ల మాట ఎత్తారు. మారెప్ప సుంకులక్కను చూసి మెల్లగా అన్నాడు.

"ఈసారి నోటి మాట చాలదు మే. సామి మీద చెయ్యేసి చెప్పు."

ఊరంతా కిందికి దిగింది. సుంకులక్క శిల ముందు నిలబడింది. ఎందరికో మజ్జిగ పోసిన మనిషికి ఆనాడు గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు. ఒక్కసారి ఊరివాళ్ల మొహాలు చూసింది. తలంటినామె, జడ వేసినామె, బండిలో చోటు ఇస్తానన్నామె అందరూ ఉన్నారు. శిల మీద చేయి వేసి, అందరికీ వినబడేలా "ఇంకాస్తే" అంది.

మారెప్ప గడ్డపార భుజాన వేసుకున్నాడు. మనుషులను తీసుకుని పైకి పోయాడు. బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టారు. అది ఎర్రగా కాగాక, తాగడానికి ఉంచుకున్న నీళ్లన్నీ ముంత మిగలకుండా దాని మీద కుమ్మరించారు.

కింద సుంకులక్క ఒక్కతే మిగిలింది. "సామీ, బొంకినాను. వాళ్ల తప్పేం లేదు. నీకు రావాల్సింది తీసుకో. కాకుంటే పని అయ్యేదాకా ఆగు" అని, స్వామికి వెతుక్కునే శ్రమ లేకుండా నాలుక చాపి నిలబడింది. ఎండ ముదిరింది. నాలుక ఎండి అట్టయింది. లోపలికి తీసుకోలేదు.

అదే సమయంలో ఈరప్ప తాత భోజనం చేసి బండనీడన కునుకు తీస్తున్నాడు. కలలో స్వామి కనిపించాడు. వెలుగులు లేవు, వాయిద్యాలు లేవు. ఎడమ భుజం పట్టుకుని మొహం చిట్లించుకుని ఉన్నాడు.

"ఈరా, ఆ పిల్ల రోజూ ఇంకాస్తే అంటాంది. నా కొండ మీద అబద్ధం నిలవకూడదు. నాలుక తీద్దామంటే చేతులు రాలా. ఇంక ఆ మాటనే నిజం చేద్దామని ఇక్కణ్ణుంచే కొండకు భుజం ఇచ్చినా. ఇప్పుడు భుజం లేవడం లేదు. నిద్ర చాలు గానీ, లేచి కాస్త నూనె రాయి."

తాత ఉలిక్కిపడి నూనెగిన్నెతో పరిగెత్తుకొచ్చాడు. మోకాళ్లు చక్కగా పరిగెత్తాయి. చూస్తే సుంకులక్క స్వామికి ఎదురుగా నాలుక చాపి ఉంది.

"ఓసి నీ! సామిని ఎక్కిరిస్తాండావా?"

ఆమె వేలితో నాలుకను చూపించి, ఆ వేలే స్వామి వైపు చూపించింది. తాత అటు తిరిగాడు. అప్పుడు చూశాడు. పొద్దున నిటారుగా ఉన్న శిల కొండ వైపు వాలి ఉంది. అంతలో పైన పెద్ద చప్పుడయింది. నల్లబండ బీటవారి, ఆ బీట అవతలి కొస దాకా పాకింది. ముందు బురద, ఆ వెనక ఎర్రనీళ్లు, ఆ వెనక తేటనీళ్లు బిరబిరా దిగివచ్చి స్వామి పాదాలను తడిపాయి. తాత దోసిలితో ముంచి ఆ ఎండిన నాలుక మీద పోశాడు.

"ఇంక లోపల పెట్టుకో తల్లీ. ఈగలు వాల్తాయి."

ఊరంతా కేకలు వేస్తూ దిగివచ్చింది. సుంకులక్క ఏడుస్తూ మారెప్ప ముందు నిలబడింది. "అన్నా, రోజూ అబద్ధం చెప్పినా."

"తెలుసు" అన్నాడు మారెప్ప. "ఒక దినం అంటే నమ్మినాం. దినామూ ఇంకాస్తే అంటాంటే, రాళ్లు కొట్టేవాళ్లం, మాకు తెలీదా మే?"

"మరి ఏల తవ్వినారు?"

"నువ్వు నాలుక పణం పెట్టి చెప్తాంటే గడ్డపార దించడానికి చేతులు రాలా. ఇయ్యాల సామి ముందర నువ్వు వెనక్కి తగ్గుతావు, మేమూ ఇంటికి పోదాం అనుకున్నా. తగ్గలేదు. ఇంక నీ మాట నిజం చెయ్యకపోతే నీ నాలుక పోతుంది. ఊరికి నీళ్లు లేకపోయినా బతుకుతాం గానీ, నీ వాగుడు లేకుండా ఎట్ల బతకాల?"

ఇలా ఆ మాటను నిజం చేసింది స్వామి భుజమా, వడ్డెవారి భుజాలా అన్న వాదన నేటికీ తేలలేదు. ఏటా తిరునాళ్ల నాడు పూజారి ముందు మారెప్ప వంశంవారి భుజానికి, ఆ తర్వాత స్వామి భుజానికి నూనె రాస్తాడు. ఈ వరసకు స్వామి ఏనాడూ అభ్యంతరం చెప్పినట్టు లేదు. నాటి కాలవ నేటికీ పారుతూ ఉంది. దారిలో దాహమైన వారికి ఊరివాళ్లు సుంకులక్క పేరున మజ్జిగ పోస్తారు. రెండో ముంత అడిగినా ఏమీ అనుకోరు. మాటలు రాని పిల్లలకు ఇక్కడ నాలుక మీద తీర్థం పోయిస్తే మాటలు వస్తాయని, మొదలుపెట్టిన పని మధ్యలో ఆగినవారు స్వామి భుజానికి నూనె రాస్తే పని ముందుకు సాగుతుందని భక్తుల విశ్వాసం.

కొండ దిగేవారికి ఒక మనవి. ఎక్కేవారు అడిగితే "ఇంకాస్తే" అనడం ఇక్కడి ఆచారం. అయితే చెప్పి ఊరుకుంటే అది అబద్ధం కింద జమ. స్వామి వింటూ ఉంటాడు. అలసినవారికి చేయి అందించి, వారితో పాటు మళ్లీ కాస్త దూరం పైకి ఎక్కితేనే ఆ మాట నిజమవుతుంది. ఈ పుస్తకం కూర్చినవాణ్ణి పైకి చేర్చిన ముసలమ్మ నిజానికి అప్పుడే దర్శనం చేసుకుని దిగివస్తూ ఉండిందట. ఆ సంగతి అతనికి, స్వామి ఎదుట నాలుక చాపినప్పుడు, పూజారి చెబితే గానీ తెలియలేదు. అతను వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె మళ్లీ దారి పట్టింది. కింద మలుపులో ఎవరో ఆయాసపడుతూ అడుగుతున్నారు. ఆమె గొంతు పైదాకా వినిపించింది.

"ఇంకాస్తే నాయనా. ఏదీ, చెయ్యి ఇట్లివ్వు."