గుడ్ల అట్టలో ఏడో గుంట

నూకరాజు మేస్త్రిగారికి అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేమడిగినా చేతిలోని గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకునేవారు. తుడవడం పూర్తయ్యేసరికి అడిగినవాడికి తన ప్రశ్న మీద తనకే విసుగు పుట్టేది. జవాబు మాత్రం ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది, అదీ మాటల్లో కాదు, ఏదో ఒక పనిలో. మారేడుమిల్లి ఘాటు ఎక్కబోయే లారీలు ఒకసారి ఆగి చూపించుకుపోయే షెడ్డు మాది. నేను అందులో లేతు మిషను మీద పనిచేసేవాణ్ణి. ఇంజన్లు విప్పే జట్టులో లేను గనుక నన్నెవరూ ఆయన శిష్యుడనేవారు కాదు. అందుచేత అన్నీ నింపాదిగా చూసే తీరిక నాకుండేది.

శిష్యుడంటే ఏసుపాదమే. ముప్పై ఎనిమిదేళ్లవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, పద్దెనిమిదేళ్లుగా గురువుగారిని అంటిపెట్టుకుని ఉన్నవాడు. చెయ్యి చాలా మంచిది. ఉన్న జబ్బల్లా భయం. బిగించిన నట్టు మీద మళ్లీ పానా వేసి చూసేవాడు. సాయంత్రం సంచీ భుజాన వేసుకుని పదడుగులు వెళ్లి వెనక్కి వచ్చేవాడు. అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్లి, "ఆ క్లిప్పు పెట్టానంటావా?" అని నన్నడిగేవాడు. లేతు దగ్గర నిలబడ్డ నాకేం తెలుస్తుంది? "పెట్టావులే, తిను" అనేవాణ్ణి. షెడ్డులో అందరం అతన్ని ఆటపట్టించేవాళ్లం. అందులో నా వంతు కాస్త ఎక్కువేనని ఒప్పుకోవాలి.

అతని భయానికి కారణం లేకపోలేదు. మా షెడ్డులో ఒక నియమం ఉండేది. ఇంజను ఎవరు మూస్తారో వాళ్లు, ఆ లారీ మొదటిసారి ఘాటెక్కి దిగేటప్పుడు క్యాబిన్‌లో కూర్చోవాలి. "బాగుచేశాను, నువ్వెళ్లి చూసుకో" అనే మాట అక్కడ చెల్లదు. ఆ నియమం పెట్టింది గురువుగారే. మోకాళ్లు సహకరించినన్నాళ్లు ఆయనా అలాగే ఎక్కారు. మోకాళ్లు మొరాయించాక, అంటే పదేళ్లుగా, ఎవరు మూసిన ఇంజనుకైనా ఎక్కే వంతు ఏసుపాదానిదే అయింది. ఘాటు దిగుడులో ఇంజను పట్టేస్తే బ్రేకులకు గాలి అందదు. అటు కొండ, ఇటు లోయ. క్యాబిన్‌లో కూర్చున్నవాడికి వేదాంతం చెప్పి ప్రయోజనం లేదు.

ఒక శ్రావణ మాసంలో, మంగళవారం పొద్దున్నే, ఏసుపాదం టీ గ్లాసు పట్టుకుని గురువుగారి ఎదుట నిలబడ్డాడు. రాజమండ్రిలో స్పేర్ పార్టుల కొట్లో ఉద్యోగం ఉంది, వచ్చెయ్యమని బావమరిది కబురు పెట్టాడట.

"గురువుగారూ, ఒక్కమాట అడుగుతానండి. భయం లేకుండా ఇంజను మూసే రోజు నాకెప్పుడొస్తుందండి? మీకు ఎన్నేళ్లకి పోయింది? ఇంక నాకు పోదంటే చెప్పేయండి, వెళ్లి ఆ కొట్లో చేరిపోతాను. మా ఆవిడ కూడా అదే అంటంది."

గురువుగారు వేళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు. నాలుగో వేలికి వచ్చేసరికి బయట ఒక లారీ వచ్చి ఆగింది.

అది దుర్గయ్య లారీ. సొంత బండి, సొంత డ్రైవింగు. క్లీనర్లు నిలవడం లేదని రెండేళ్లుగా భార్య మంగతాయారునే క్లీనరుగా తిప్పుకుంటున్నాడు. ఘాటు మలుపులో బండి ఆగితే దూకి చక్రం కింద రాయి వేసేది ఆవిడే. బండి నిండా ఉప్పు, ఉల్లిపాయలు. గురువారం నాటికి కొండమీద సంతకు చేరాలి. ఇంజను మాత్రం గోడ గడియారంలా టిక్కు టిక్కుమంటోంది. గురువుగారు ఒక చెక్కముక్క ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, "టాపెట్లు పోయాయి. పన్నెండూ మార్చాల్సిందే" అన్నారు. ఏసుపాదం ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆ పనిలో ఎందుకంత భయమో కాస్త చెప్పాలి. టాపెట్ అంటే బొటనవేలంత ఉక్కు ముక్క, అడుగున పుట్టగొడుగులా వెడల్పాటి అంచు ఉంటుంది. కింద క్యామ్ షాఫ్ట్ తిరుగుతూ దాన్ని పైకి తోస్తుంది, ఆ తోపుకే వాల్వులు తెరుచుకుంటాయి. ఆ రకం ఇంజన్లో టాపెట్లను పైనుంచి తీయలేం, అంచు అడ్డం. క్యామ్ షాఫ్ట్‌ను ముందుకు లాగేయాలి. లాగితే పైనున్న టాపెట్లన్నీ అడుగున నూనె నిలిచే చాంబర్లో పడతాయి. అందుకని పైనుంచి పన్నెండు చెక్క పుల్లలు దిగ్గొట్టి, టాపెట్లను ఎత్తిపట్టి, రెండేసి పుల్లలకు లారీ ట్యూబు కోసిన రబ్బరు కట్టు వేస్తారు. ఆరు కట్లు. ఆ పుల్లలు నేను లేతు మీద తీసినవే. తర్వాత సగానికి చీల్చిన పైపును షాఫ్ట్ లాగేసిన బెజ్జంలో తోసి, ఒక్కొక్క టాపెట్‌నూ అందులోకి జారవిడిచి బయటికి లాగుతారు. కొత్తవి అదే దారిలో ఎక్కిస్తారు. పాతవాటిని కోడిగుడ్ల అట్టలో, గుంటకొకటి చొప్పున, నంబరు వేసి పెడతారు. ఆ పన్నెండు గుంటలూ నిండి కనబడితేనే పని అయినట్టు.

ఏసుపాదం మంగళవారమంతా విప్పాడు. చాంబరు దించి కడిగి బిగించాడు. బుధవారం పొద్దుటినుంచి పాతవి తీసి కొత్తవి ఎక్కించాడు. ఒక్కొక్కటి జారినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, పైపు బయటికి వచ్చాక వదిలేవాడు. చూస్తున్న నాకే ఆయాసం వచ్చింది. క్యామ్ షాఫ్ట్ మళ్లీ తోయడం అయ్యాక పైన రబ్బరు కట్లు ఒక్కొక్క ముడే విప్పుతూ కూర్చున్నాడు. దుర్గయ్య ఆకాశంకేసి చూసి, "మబ్బు దిగితే మలుపు కనబడదండి" అని మూడోసారి అన్నాడు. అప్పుడు గురువుగారు లేచి వచ్చి, "లే" అన్నారు. బ్లేడు తీసుకుని కట్లన్నీ చకచకా కోసి, పుల్లలు పీకి, ఏసుపాదం చేతిలో పెట్టారు. అరవై ఎనిమిదేళ్ల చెయ్యి, నిమిషం పట్టలేదు. చూడముచ్చటగా ఉండింది. నేను పైకే మెచ్చుకున్నాను.

ఏసుపాదం మూతలన్నీ బిగించాడు. కొత్త నూనె పోశాడు. చేతులు కడుక్కుని, గుడ్ల అట్ట తీసి పెడదామని వెళ్లినవాడు అక్కడే కొయ్యబారిపోయాడు.

ఏడో గుంట ఖాళీగా ఉంది.

ముందు బల్ల కింద వెతికాడు. తర్వాత చీపురు తెచ్చి షెడ్డంతా ఊడ్చాడు. తన సంచీ దులిపాడు, నా పనిముట్ల పెట్టె కూడా దులిపాడు. పదకొండు మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు, పెట్టినకొద్దీ పదకొండే.

"ఏడోది తీసినప్పుడు టంగుమందండి," అన్నాడు గురువుగారితో. "పైపులో పడిందనుకున్నాను. తీసినట్టే గుర్తు. కానీ అది ఆరోదేమో. ఏడోది లోపలే పడిందేమోనండి. చాంబరు మళ్లీ దించాలండి."

"ఇంకా దించడమేంటి?" అని దుర్గయ్య లేచాడు. "సంత పోద్దయ్యా! అక్కడే ఎక్కడో దొర్లుంటది. మేస్త్రిగారూ, మీరైనా చెప్పండి."

మేమంతా గురువుగారి వైపు చూశాం. ఆయన వేళ్లు తుడుచుకుంటున్నారు. పెదవి చివర చిన్న నవ్వు ఉన్నట్టు నాకు అనిపించింది. నేనూ నవ్వాను, ఏసుపాదం సంగతి తెలిసిందే కదా అని.

"నీ ఇష్టం," అన్నారు గురువుగారు.

ఆ రెండు మాటలు అతనికి మంటలా తగిలాయి. దించమనలేదు, వద్దనలేదు. పోసిన కొత్త నూనె డబ్బాలోకి దింపి, గోనె పరుచుకుని లారీ కిందికి దూరాడు. బోల్టులు విప్పుతుంటే పానా రెండుసార్లు చేయి జారింది. దుర్గయ్య గట్టిగానే తిడుతున్నాడు. ఒక్కడివల్ల కాదని నేను లేతు ఆపి వెళ్లి రెండోవైపు చాంబరు పట్టుకున్నాను. అప్పుడు అతని ముఖం దగ్గరగా చూశాను. కళ్లల్లో నీళ్లు. ఇన్నాళ్లూ ఈ మనిషిని నేను నవ్వులాటకు వాడుకున్నానే అని సిగ్గేసింది.

చాంబరు దిగింది. ఏసుపాదం అడుగునంతా చేత్తో తడిమాడు. టాపెట్ లేదు. పైకి చూశాడు. అక్కడ పంపు మూతి ఉంటుంది, దానికి జల్లెడ. ఇంజను తాగే నూనె ప్రతి చుక్కా ఆ జల్లెడలోంచే పోవాలి. ఆ జల్లెడ అంచున, రెండు వేళ్ల వెడల్పున, నల్లటి రబ్బరు ముక్క ఒకటి వేలాడుతోంది.

అతను దాన్ని రెండు వేళ్లతో తీసి, లారీ కిందనుంచే చెయ్యి బయటికి చాపాడు. దుర్గయ్య తిట్టడం ఆపేశాడు. డ్రైవరుగా అతనికి ఎవరూ వివరించనక్కరలేదు. ఇంజను తిరగగానే ఆ ముక్క జల్లెడకు అతుక్కుంటుంది. నూనె పైకెక్కదు. సరిగ్గా బరువు లాగే చోట ఇంజను పట్టేస్తుంది.

గురువుగారు వంగి, నేలమీద ఊడ్చిన చెత్తలోంచి తాను కోసిన రబ్బరు కట్లు ఏరారు. బల్లమీద వరసగా పెట్టారు. ఐదు నిండువి. ఆరోది సగమే ఉంది. ఏసుపాదం చేతిలోని ముక్కను తీసుకుని ఆ సగానికి ఆనించి చూశారు, సరిపోయింది. బ్లేడు రెండుచోట్ల పడి అది రెండుగా తెగి, ఒక సగం పుల్లల పక్కన నూనె దిగే బెజ్జంలోంచి కిందికి జారింది. ఆయన దాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. ఆ వేళ్లను తుడుచుకోలేదు.

అంతలో మంగతాయారు బజారునుంచి కొబ్బరికాయ, పసుపు కొనుక్కుని వచ్చింది. విప్పి ఉన్న ఇంజనును చూసి, "అయ్యో, మళ్లీ ఏమైందండీ?" అంది. టాపెట్ ఒకటి పోయిందని ఏసుపాదం చెప్పగానే నాలుక కరుచుకుని చీరకొంగు ముడి విప్పింది. ఏడో టాపెట్ పసుపు రాసుకుని అందులో కూర్చుని ఉంది.

"మలుపుతల్లికండీ," అంది. "ఇంజను బాగుచేయిస్తే పాత ముక్కొకటి ఘాటు మలుపులో ఆ తల్లి రాయి దగ్గర పెడతాం కదా. ముందే ఎవరికీ చెప్పకూడదంటారు, అందుకని ఊరుకున్నాను. మేస్త్రిగారు చూశారుగా, నేను తీసుకుంటంటే. చూసి నవ్వేరు కూడాను." తర్వాత రబ్బరు ముక్క సంగతి విని, కొబ్బరికాయను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. "అన్నయ్యగారూ, ఆ బండిలో నేనూ ఉండేదాన్నండి," అని మాత్రం ఏసుపాదంతో అంది.

ఏసుపాదం మళ్లీ అంతా మూశాడు. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. నట్టు మీద రెండోసారి పానా వేస్తుంటే దుర్గయ్యే దగ్గర నిలబడి, "ఇంకోపాలి చూడన్నయ్యా" అన్నాడు. ఇంజను తిప్పితే టిక్కు టిక్కులు పోయి, హాయిగా ఒకే స్వరంతో మోగింది. మబ్బు ఇంకా కొండ నెత్తినే ఉంది, దిగలేదు.

దుర్గయ్య స్టీరింగు పట్టుకున్నాడు. మంగతాయారు పక్కన కూర్చుంది. ఏసుపాదం ఎక్కబోతూ ఆగి, తల వంచుకునే అడిగాడు.

"మీరు చూశారంట కదండి, గురువుగారూ. చాంబరు దించకముందే చెప్పొచ్చు కదండి."

"నీ భయం ఉత్తదని చూపిద్దామనుకున్నానురా," అన్నారు ఆయన. "దించుతావు, ఏమీ ఉండదు, అప్పుడు నీ ప్రశ్నకి జవాబు చెబుదామనుకున్నాను."

ఏసుపాదం క్యాబిన్ ఎక్కి కూర్చున్నాడు. నేను తలుపు వెయ్యబోతుంటే గురువుగారు నా భుజం పట్టుకుని నన్ను పక్కకు జరిపారు. ఆ మోకాళ్లతోనే మెట్టుమీద కాలు వేసి, ఒకసారి జారి, రెండోసారి ఎక్కారు. పదేళ్లలో ఆయన లారీ ఎక్కడం నేను చూడలేదు. రబ్బరు ముక్క ఇంకా ఆయన గుప్పిట్లోనే ఉంది.

"కాస్త జరగరా, ఏసూ," అన్నారు. "నాకు భయం పోయి పదేళ్లయింది."