దానమ్మ మణికట్లు

"కీళ్ళ నొప్పి కీళ్ళ నొప్పే కదండీ. ఒకదాన్ని సంధివాతమనీ, ఇంకోదాన్ని ఆమవాతమనీ రెండు పేర్లెందుకు?" అని శిష్యుడు భాస్కరం అడిగాడు. ఉమామహేశ్వరంగారు పల్లెటూరి వైద్యులు. అడిగిందే తడవుగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "సమయం వస్తుందిలే" అని పొరుగూరి రోగిని చూడడానికి వెళ్ళిపోయారు.

సమయం ఆ పూటే వచ్చింది, అదీ రాకూడని విధంగా. లేసులు అల్లి పొట్ట పోసుకునే దానమ్మ చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చింది. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోతున్నాయనీ, మణికట్లు వాచాయనీ చెప్పింది. కూరగాయల గంప మోసి మోసి మోకాళ్ళు అరిగిపోయిన సుబ్బాయమ్మకు రోజూ తైలం మర్దనా చేసేది భాస్కరమే. ఆవిడ ఇప్పుడు లేచి తిరుగుతోంది కూడా. ఇంకేం, గురువుగారు లేకపోతేనేం అనుకున్నాడు. అదే తైలం వేడి చేసి, దానమ్మ చేతులకు పట్టించి, బలమంతా పెట్టి రుద్దాడు. మంచే చేస్తున్నాననుకున్నాడు, ఘోరమంతా అక్కడే ఉంది.

మర్నాడు ఆమెను మొగుడు రిక్షాలో తీసుకొచ్చాడు. ఆ చేతులు చూసి భాస్కరం కొయ్యబారిపోయాడు. పిడికిలి బిగించడం మాట అటుంచి, ఆమె మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది. బిడ్డ ఎత్తుకోమని గుక్కపట్టి ఏడుస్తుంటే మొహం అటు తిప్పుకుంది.

రాత్రే తిరిగొచ్చిన ఉమామహేశ్వరంగారు కోప్పడలేదు. శిష్యుడి చెయ్యి పట్టుకుని, మర్దనాకు వచ్చి కూర్చున్న సుబ్బాయమ్మ మోకాలి మీద పెట్టారు. ఆవిడ కాలు చాపి ముడిస్తే లోపల కరకరమంది, పైన మాత్రం చల్లగా ఉంది. తరవాత అదే చేతిని దానమ్మ మణికట్టుకు తాకించారు. భాస్కరం ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అది కాలిపోతోంది.

"సుబ్బాయమ్మది కీళ్ళు అరిగి వచ్చిన సంధివాతం. ఇది కీళ్ళు వాచి కాలే ఆమవాతం. దీనికి తైలం తగలకూడదు. ఇవాళే పట్నం తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించవయ్యా, ఆలస్యం చేస్తే వేళ్ళు వంకర్లు తిరిగిపోతాయి" అని ఆమె మొగుడితో చెప్పారు. రిక్షా కదిలాక భాస్కరం వైపు తిరిగారు.

"నువ్వు రుద్దుతుంటే ఏమంది?"

"వద్దు బాబూ, వద్దు అందండి."

"నువ్వేమన్నావు?"

"ఓర్చుకోమన్నానండి."



"రెండు పేర్లెందుకని అడిగావు కదా, ఆ రెండో పేరు ఆమె చెబుతూనే ఉందిరా" అన్నారాయన.