దుబాసీగారి చొక్కా

అయ్యా, అమ్మా, ఆ ఉగ్ర నరసింహస్వామికి మనసులోనే ఓ దండం పెట్టుకుని వినండి. కోపం ఆయనకు అందం, మనకు ముప్పు.

కొండవాగు రాజావారికి ఓ రోజు కొలువులో సందేహం వచ్చింది. "మొన్న కలెక్టరు దొర, అరుస్తున్న తన గుమాస్తాతో 'కీప్ యువర్ షర్ట్ ఆన్' అన్నాడు. ఏమిటి దానర్థం?"

దుబాసీ జగ్గప్ప పంతులు ఇత్తడి గుండీల ఇంగ్లీషు చొక్కా సర్దుకుని లేచాడు. "దొరలు కలబడేముందు చొక్కా విప్పుతారు మహాప్రభూ. 'చొక్కా విప్పకు' అంటే, కోపం తెచ్చుకోకు, నిబ్బరంగా ఉండు అని. ఆ నిబ్బరం లేనివాడు కొలువుకు తగడు."

అంటూ మృదంగం వాయించే ముసలి వీరాస్వామికేసి చూశాడు. నిన్నటి కచేరీలో పంతులు ముందు వరసలో కూర్చుని తొడమీద తప్పుతాళం వేస్తుంటే, వీరాస్వామి వాయింపు ఆపి, "ఆ తొడ ఆపవయ్యా!" అని కేకేశాడు.

"నిజమే," అన్నారు రాజావారు. "వీరాస్వామీ, రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు."

ఈ కొలువు తప్ప ముసలాయనకు మరో గూడు లేదు. అది తెలిసిన హాస్యగాడు అక్కిరాజు మొహం మామూలుగానే పెట్టి లేచాడు.

"మహాప్రభూ, తమరు ఒక్క తాంబూలం నమిలేలోగా పంతులుగారికి కోపం వస్తే వీరాస్వామిని ఉండనివ్వండి. రాకపోతే ఆయనతోపాటు నేనూ పోతాను. తిట్టను, ముట్టను."

"కానీ!" అన్నాడు పంతులు ధీమాగా. రాజావారు తాంబూలం నోట్లో వేసుకున్నారు.

అక్కిరాజు పంతులు పక్కన చేరి, జ్వరం మనిషిని పలకరించినట్టు మెల్లగా అన్నాడు. "పంతులుగారూ, చొక్కా విప్పకండి."

"విప్పడం లేదే!"

"నిబ్బరం, బాబూ, నిబ్బరం."

"నిబ్బరంగానే ఉన్నానయ్యా."

"గొంతు పెరుగుతోంది. పోనీ, మంచినీళ్లు తెప్పించనా?"

"నా గొంతే అంత!"

"అయ్యో, చెమటలు కూడా పట్టేశాయి."

"ఉక్కకి పట్టాయి!"

పురోహితుడు జాలిపడి విసనకర్ర అందుకున్నాడు. "శాంతించండి పంతులుగారూ, ఆరోగ్యం పాడవుతుంది."

"మీరూనా! నాకు కోపం రాలేదంటుంటే!"

"రాలేదు, రాలేదు," అన్నాడు అక్కిరాజు, వీపు నిమురుతూ. "అలాగే అనుకుందాం. చొక్కా మాత్రం విప్పకండి."

"ఓరి నీ మొహం మండ! నాకు కోపం ఎక్కడుందిరా!" అంటూ పంతులు చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. గుండీలు టపటపా ఎగిరిపడ్డాయి. చొక్కా నేలమీదుంది. పంతులు పిడికిళ్లు అక్కిరాజు ముక్కు ముందున్నాయి.

రాజావారి నోట్లో తాంబూలం ఇంకా సగం కూడా నలగలేదు.

"ఒక్క తిట్టు లేదు. ఏం మంత్రం వేశావురా అక్కిరాజూ?"

"మంత్రమేముంది మహాప్రభూ! ఆ మాటకు అర్థం పంతులుగారు చెప్పారు. వాడుక నేను చూపించాను."

నవ్వుతో రాజావారికి పొలమారింది. దగ్గు తగ్గాక తమ జరీ ఉత్తరీయం తీసి అక్కిరాజు భుజాన వేశారు. "వీరాస్వామీ, ఇంకా చూస్తావేం? వాయించు!"