దివాను మేడ పక్క పాక

రంగాపురం దివాను తన మేడను ముత్యాల వర్తకుడికి అమ్మబోతున్నాడు. గుర్రాలు కట్టేయడానికి పక్కనున్న గవరమ్మ పాక కూడా కావాలన్నాడు వర్తకుడు.

దివాను పాకను చూసి మొహం చిట్లించాడు. "కప్పు కారుతోంది, గోడ ఒరిగింది. పది వరహాలు తీసుకుని ఖాళీ చెయ్యి!"

బుట్టలల్లే గవరమ్మ వెదురు చీలుస్తూనే, "అలాగే బాబయ్యా," అంది. "ఇల్లు అమ్మితే దాని ధర వీధంతా డప్పేసి చాటడం మన ఊరి ఆచారం కదా! రేపు మీ మేడ ధర తేల్చడానికి ఆ ముత్యాల షావుకారు వస్తారటగా, ఆయన చెవినా పడేలా కొట్టిస్తాను, ఈ వీధిలో ఇల్లు పది వరహాలేనని!"

దివాను చాచిన పది వరహాలు గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు డప్పు మోగింది. పాక ఐదు వందల వరహాలట! డప్పువాడి వెనకే నడుస్తూ "ఇంకాస్త గట్టిగా కొట్టరా!" అంటున్నది ఎవరో కాదు, దివానే.